కాలువ గట్టు కార్లది కాదు

 ఈసారి రాసింది కొంచెం పొడుగ్గానే ఉంది. ఓపికతో చదవండి. నచ్చకపోతే మీటింగుకు వచ్చి మమ్మల్ని నిలదీయండి.

ఈ మధ్య ఫ్రాన్స్‌లో కాలువ గట్ల మీద సైకిల్ యాత్రల వీడియోలు మన ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. రెండు పక్కలా చెట్లు, నడుమ నీళ్ళు, ఒక్క హారన్ మోత లేదు. ముసలోళ్ళు, చిన్న పిల్లలు కూడా సంచులు కట్టుకొని రోజుకు ముప్పై నలభై కిలోమీటర్లు తొక్కుకుంటూ పోతున్నారు. అది చూసి మనోళ్ళు అనే మాట ఒక్కటే: "వాళ్ళ దేశం వేరు, మనకయ్యే పనేనా?" అట్లా అన్నవాళ్ళే మొన్న సంఘం మీటింగులో ఝర్పట్ గట్టు మీద కార్లు పోయేటట్టు రోడ్డు వేయమని మున్సిపాలిటీకి అర్జీ పెడదామన్నారు. ఈ రెండు మాటలూ ఒక్క ఆలోచనలోంచే వచ్చినయి. రెండూ తప్పే అని మా వాదన.

మొదట ఫ్రాన్స్ సంగతి. ఆ గట్లు సైకిళ్ళ కోసం కట్టినవి కావు. తూలూజ్ నగరం నుంచి మధ్యధరా సముద్రం వైపు పోయే కెనాల్ దు మిదీని పియేర్ పాల్ రికే అనే ఆయన 1666లో మొదలుపెట్టించాడు. 1681లో పడవలు తిరిగినయి. పొడవు 240 కిలోమీటర్లు. ఇంజన్లు లేని కాలం కాబట్టి పడవలను గుర్రాలు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవి. గుర్రం నడవడానికే ఆ బాట. తర్వాత రైలు వచ్చింది, లారీలు వచ్చినయి, సరుకు పడవలు తగ్గిపోయినయి. బాట ఖాళీ అయింది. అప్పుడు అక్కడోళ్ళు దాని మీద డాంబరు పోసి కార్లకు ఇచ్చి ఉండొచ్చు. ఇవ్వలేదు. గట్టు సర్కారుదిగానే ఉంది, పర్మిషన్ లేని మోటారు బండి దాని మీదికి రాకూడదు. 1996లో యునెస్కో ఆ కాలువను ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. 2004లో ఫ్రాన్స్ ట్రాఫిక్ చట్టంలోనే 'పచ్చ బాట' అనే రకం చేర్చారు. అది నడిచేవాళ్ళ కోసం, సైకిళ్ళ కోసం, గుర్రాల కోసం పెట్టిన బాట.

ఇంకో సంగతి. వీడియోల్లో కనిపించేది నున్నటి బాట ఒక్కటే. తూలూజ్ దగ్గర కొంత దూరం డాంబరు ఉంది కానీ, సముద్రం వైపు పోయేకొద్దీ చాలా చోట్ల అది ఉత్త మట్టి బాట. చెట్ల వేర్లు పైకి లేచి ఉంటాయి, వాన పడితే బురద. అయినా దేశదేశాల నుంచి జనం వచ్చి తొక్కుతున్నారు. కాబట్టి దీనికి కావలసింది కోట్ల రూపాయలు కాదు. బండ్లను రానియ్యకపోవడం. అడ్డంగా రెండు ఇనుప స్తంభాలు పాతితే సగం పని అయిపోతది.

ఇప్పుడు మన సంగతి. మనకు కాలువలు లేవా? ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా ముగించాడు. దాని నుంచి తీసిన కాలువలు పొలాలకు నీళ్ళిచ్చాయి, వాటిల్లోనే లాకులు కట్టి పడవలూ నడిపారు. కాకినాడకు, ఏలూరుకు వడ్లు, ఉప్పు, జనం ఆ నీళ్ళ మీదే పోయేవి. అక్కడ పడవలను లాగింది గుర్రాలు కాదు, మనుషులు. భుజానికి తాడు కట్టుకొని గట్టెంబడి నడిచేవాళ్ళు. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం 1877-78 కరువులో ఆకలికి చస్తున్న కూలీలతో తవ్వించింది. అంటే ఫ్రాన్స్ వాళ్ళకు ఉన్న గట్టు బాట మనకూ ఉండేది. వాళ్ళ బాటకు గుర్రం చెమట, మన బాటకు మనిషి చెమట. మనం ఆ చెమటకు ఇచ్చిన మర్యాద ఏంది? కాలువలో గుర్రపు డెక్క, గట్టు మీద చెత్త కుప్పలు, ఆక్రమణలు.

గోదావరి జిల్లాలు దూరం అంటారా? మనలో చాలామంది తాతల ఊర్లు కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల దిక్కే. పోచంపాడు నుంచి వచ్చే కాకతీయ కాలువ జగిత్యాల, కరీంనగర్ మీదుగా ఓరుగల్లు దిక్కు పోతది, పొడవు 284 కిలోమీటర్లు. ఆ ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. పండుగలకు ఊరికి పోయినప్పుడు ఆ గట్టు మీద మనమే మోటారు సైకిళ్ళు ఉరికిస్తాం. బండ్లు కాలువలో పడ్డ వార్తలు చదువుతాం, అయ్యో అంటాం, మళ్ళీ అదే గట్టు మీద బండి తోలుతాం. సిమెంటు వాలు కట్టిన కాలువలో పడితే ఈత వచ్చినోడు కూడా ఎక్కలేడు. అటువంటి గట్టు మీదికి కారు రావాలని ఎవరు అడుగుతారు? అడ్డం పెట్టమనే అడగాలి.

హైదరాబాదులో అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి, పైన సోలార్ పలకలు కప్పి, 2023 అక్టోబరులో తెరిచారు. మంచిదే, సంతోషం. కానీ అది పెద్ద పెద్ద బండ్ల రోడ్డు పక్కన ఉన్న ట్రాక్. దాన్ని చూపించి "మనమూ కట్టినం" అనుకుంటే సరిపోదు. కారు మీద సైకిల్ కట్టుకొని అక్కడిదాకా పోయి తొక్కేవాడికి అది వ్యాయామం. పొద్దుగాల పనికి, బడికి సైకిల్ మీద పోయేవాడికి కావలసింది ఇంటి నుంచి మొదలయ్యే బాట.

ఇక లాల్‌పేట్ మాట. మన తాతలు, బాపులు బొగ్గుబాయి పనికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మొదటి షిఫ్టుకు హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా తగిలించుకొని సైకిళ్ళ మీదనే పోయారు. ఈ బస్తీని నిలబెట్టింది ఆ సైకిల్. ఇప్పుడు అదే సైకిల్‌ను మనం గరీబోడి బండి అంటున్నాం. పోరడు పదో తరగతి దాటంగనే లోన్ తీసి బండి కొనిస్తున్నాం. కొనియ్యలేని ఇంటి పిల్ల మాత్రం ఈ రోజుకూ సైకిల్ మీదనే బడికి పోతది, బొగ్గు టిప్పర్ల పక్కనుంచి, ఆ దుమ్ములోనే. టిప్పర్ దాటినప్పుడల్లా ఆ పిల్ల హ్యాండిల్ ఎట్లా వణుకుతదో మనమంతా చూస్తున్నదే. ఇంట్లో తల్లి సాయంత్రం దాకా తలుపు దిక్కే చూస్తది. మా పట్టుదల దాని గురించే.

చంద్రపూర్‌లో బాట పెట్టడానికి చోటు లేదనకండి. ఇరై, ఝర్పట్ అని రెండు నదులున్న ఊరు మనది. మహాకాళి గుడి, అంచలేశ్వర్ గుడి ఝర్పట్ పక్కనే ఉన్నాయి. గోండు రాజుల కోట గోడ ఊరి చుట్టూ దాదాపు 11 కిలోమీటర్లు ఉంది, నాలుగు దర్వాజాలతో. ఆ గోడ మీద మొలిచిన చెట్లను, పేరుకున్న చెత్తను ఇక్కడి పిల్లలే 2017 నుంచి ఎకో ప్రో పేరుతో తమ చేతులతో తీశారు. వాళ్ళు టెండరు కోసం ఆగలేదు. చైత్రంలో మహాకాళి జాతరకు మరాఠ్వాడా నుంచి, తెలంగాణ నుంచి భక్తులు వేలల్లో వచ్చి ఝర్పట్ గట్టున దిగుతారు. వాళ్ళకూ బండ్లు లేని బాటే కావాలి. పిల్లలకు, భక్తులకు, పొద్దున నడిచే ముసలోళ్ళకు ఒక్క బాట సరిపోతది.

ఎదురు మాటలు విన్నాం, జవాబు చెప్తాం.

"ఈ ఎండల్లో సైకిలా?" ఇది 47 డిగ్రీలు చూసిన ఊరు, కాదనం. కానీ బడి పొద్దున్నే, షిఫ్టు పొద్దున్నే. మిట్టమధ్యాహ్నం తొక్కమని ఎవరూ అనలేదు. ఎండ ఉందనే కదా చెట్లు కావాలి. కార్ల రోడ్డు వేస్తే ముందు కొట్టేది చెట్లనే.

"గట్టు మీద కారు వస్తే అంబులెన్సు కూడా వస్తది." అంబులెన్సుకు, మరమ్మతు బండికి తాళం తీసే గేటు పెట్టొచ్చు. ఫ్రాన్స్‌లోనూ మరమ్మతు బండ్లు గట్టు మీదికి వస్తాయి. రోగి పేరు చెప్పి పార్కింగు అడగడం మానుదాం.

"రోడ్డు వస్తే ఇండ్ల ధర పెరుగుతది." పెరుగుతది. ఎవరిది? గట్టుకు ఆనుకొని ఉన్న నాలుగు ఇండ్లది. మిగతా బస్తీకి మిగిలేది హారన్లు, పొగ, ఇంకో ప్రమాదాల మలుపు. సంఘం నాలుగు ఇండ్లది కాదు.

"వరద వస్తే బాట మునుగుతది." మట్టి బాట మునిగితే నీళ్ళు తీసినాక ఊడ్చుకుంటాం. సిమెంటు రోడ్డు నదిని ఇరుకు చేస్తే నీళ్ళు మన ఇండ్లలోకి వస్తాయి. ఏది నష్టమో మీరే చెప్పండి.

కాబట్టి అర్జీలో మూడే మాటలు ఉండాలని మా డిమాండు. ఒకటి, ఝర్పట్ గట్టు మీద మోటారు బండ్ల రోడ్డు వద్దు. రెండు, బస్తీ నుంచి గుళ్ళ దాకా నడకకు, సైకిళ్ళకు మట్టి బాట, రెండు కొనల్లో ఇనుప స్తంభాలు, పిల్లలు నీళ్ళలో పడే చోట కంచె. మూడు, బడి టైములో మన రోడ్డు మీద టిప్పర్లు ఆపాలి. మూడోది బాట వచ్చేదాకా ఆగే పని కాదు, రేపే అడగాలి.

అర్జీ మరాఠీలో రాయిద్దాం, తెలుగులో చదివి వినిపిద్దాం, అప్పుడు సంతకం పెట్టండి. ఆడవాళ్ళ సంతకాలు విడిగా, ముందు పేజీలో ఉండాలి. పిల్లలను బడికి పంపి భయంతో ఎదురుచూసేది వాళ్ళే. ఈ ఆదివారం పొద్దున ఆరు గంటలకు సైకిల్ ఉన్నవాళ్ళు సైకిల్‌తో, లేనివాళ్ళు కాళ్ళతో గట్టు దగ్గరికి రండి. కార్ల రోడ్డు కావాలనే పెద్దలు కూడా తప్పకుండా రావాలి. ఏ చెట్టు కొట్టాలో, ఎవరి గుమ్మం ముందు నుంచి రోడ్డు తీయాలో అక్కడే నిలబడి చూపించండి.