డిశ్చార్జి కాగితంతో వైద్యం అయిపోదు

క్యాన్సర్ వచ్చిన రైతుకు ఆపరేషన్ చేయించడం ఒకప్పటంత కష్టం కాదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఆపరేషన్‌కు, కీమోకు, రేడియేషన్‌కు డబ్బు కడుతోంది. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో ట్రస్టు సాయంతో కట్టిన క్యాన్సర్ విభాగం ఉంది. అక్కడిదాకా బాగానే ఉంది. ఆసుపత్రి గేటు దాటి కర్లపాలెం బస్సెక్కాక ఆ మనిషిని చూసుకునేదెవరు? మనం అడగాల్సిన ప్రశ్న ఇది.

కీమో ఎక్కించుకున్నాక వారం, రెండు వారాల మధ్య రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ ఒక్క మాట ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా తెలుగులో రాసి ఇవ్వకపోతే, ఊళ్లోనే ఒక ఇంజెక్షన్ వేయించి పడుకోబెడతారు. ప్రాణం అక్కడే పోతుంది.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేస్తే ఆ చెయ్యి వాచే ప్రమాదం ఏళ్ల తరబడి ఉంటుంది. చిన్న గాయమైనా చీము పట్టవచ్చు. నాట్లు, కలుపు, మినుము పీకుడు మీద బతికే ఆడకూలీకి ఫిజియోథెరపీ అంటే కూలిపని మళ్లీ చేయగలగడమే. నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ అయినవారికి దవడ బిగుసుకుపోతుంది. రోజూ నోరు తెరిచే వ్యాయామం చేయకుంటే ముద్ద కూడా పట్టదు. వీటికోసం ప్రతిసారీ యాభై కిలోమీటర్లకు పైగా గుంటూరు పోవాలంటే ఎంతమంది పోగలరు?

ఇక బతుకుతెరువు. కౌలు రైతు మంచాన పడ్డా కౌలు బస్తాలు ఆగవు. ఈ-పంట నమోదు, ఈ-కేవైసీ గడువులూ ఆగవు. అవి తప్పితే బీమా, నష్టపరిహారం చేజారతాయి. రోగంతో పోయిన డబ్బుకు పంట నష్టం తోడవుతుంది.

చికిత్స తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5 వేలు ఇచ్చే ఆసరా 2019 డిసెంబరులో మొదలైంది. ఆలోచన మంచిది. కానీ అప్పటి రేటుతో ఇప్పటి కూలి రోజు గడవదు. డయాలసిస్ రోగులకు నెలకు 10 వేలు, పక్షవాతంతో మంచం పట్టినవారికి 15 వేలు పింఛను ఉంది. క్యాన్సర్‌కు అలాంటి ప్రత్యేక తరగతి లేదు. నెలల తరబడి కీమోలో ఉన్న మనిషి పొలం పనికి పోగలడని ప్రభుత్వం అనుకుంటోందా?

నయం కాని దశలో ఉన్నవారి గోస మరీ ఘోరం. మార్ఫిన్ ఖరీదైన మందు కాదు. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించి వైద్యానికి దాన్ని అందించడం సులువు చేశారు. కేరళ 2008లోనే ఇందుకు ఒక విధానం ప్రకటించింది. అక్కడ పంచాయతీల ఆధ్వర్యంలో నర్సులు ఇంటికే వస్తారు. మన పంచాయతీలు ఎందుకు చేయలేవు?

డబ్బెక్కడిదని అనవచ్చు. లక్షలు పోసి ఆపరేషన్ చేయించి ఆ తర్వాత పట్టించుకోకపోవడం, నాట్లు వేయించి నీరు పెట్టకుండా వదిలేయడం లాంటిది. పెట్టిన ఖర్చూ దక్కదు.

అందుకే మన డిమాండ్లు ఇవి. డిశ్చార్జి కాగితం తెలుగులో ఉండాలి. ప్రమాద లక్షణాలు, ఫోన్ చేయాల్సిన నంబరు, మళ్లీ రావాల్సిన తేదీ అందులో రాయాలి. బాపట్ల ఏరియా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ, నొప్పి నివారణ మందులు దొరకాలి. కోలుకునే కాలపు భత్యాన్ని పెంచి, చికిత్స పూర్తయ్యేదాకా ఆపకుండా ఇవ్వాలి. క్యాన్సర్ రోగులను ప్రత్యేక పింఛనులో చేర్చాలి.

ప్రభుత్వం కదిలేదాకా సంఘం చేయాల్సిందీ ఉంది. రైల్లో చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ ఉంది. ఆసుపత్రి ధ్రువపత్రం చాలు. ఈ సంగతి ప్రతి ఇంటికీ చెప్పాలి. జబ్బుపడ్డ రైతు ఈ-పంట నమోదు గడువు దాటకుండా గ్రామ కమిటీ రైతు సేవా కేంద్రంలో మాట్లాడాలి. సార్వా నాట్లకో, మందు పిచికారీకో ఒక్కొక్కరం ఒక పూట ఆ పొలంలో దిగితే ఆ ఇంటి పంట నిలుస్తుంది. కీమోలో ఉన్న మనిషి భుజాన స్ప్రేయరు వేసుకునే పరిస్థితి మన ఊళ్లో రాకూడదు.