రుచి చూపించేది బిచ్చం కాదు

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు కూడా ఏదైనా రాయాలని తమ్ముళ్ళు అడిగారు. చదువు గురించి, లక్ష్యం గురించి, క్రమశిక్షణ గురించి రాసేవాళ్ళు ఎలాగూ ఉంటారు. నేను ఒక చిన్న విషయం రాస్తాను. అంగట్లో, దుకాణాల్లో రుచి చూడమని ఉత్తగా ఇచ్చే ముక్క గురించి. ఇది కూడా ఒక విషయమేనా అని నవ్వకండి. ఈ హాస్టల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివి, డిగ్రీకి హైదరాబాదు పోయి, అక్కడ సెలవు రోజుల్లో ఒక పెద్ద దుకాణంలో అలాంటి ముక్కలు పంచే పని చేశాను. తినేవాడిగా నిలబడ్డాను, పెట్టేవాడిగా నిలబడ్డాను. రెండువైపులా తప్పులు చేశాను కూడా.

మన కోడేరు వైపు ఇది కొత్త సంగతి కాదు. అంగట్లో బెల్లం అమ్మేవాళ్ళు చిన్న పెల్ల గిల్లి చేతిలో పెడతారు. ఎండాకాలంలో కొల్లాపూరు మామిడి అమ్మే అవ్వ ఒక కాయ కోసి చీలిక ఇస్తుంది. దాన్ని మచ్చు అంటాం. కూరగాయలు తూచిన తర్వాత పైన వేసే నాలుగు మిరపకాయలు, కరివేపాకు రెమ్మ కొసరు. మచ్చు కొనకముందు, కొసరు కొన్న తర్వాత. కొసరు మనం గట్టిగా అడిగి వేయించుకుంటాం, ఎందుకంటే అప్పటికి పైసలు ఇచ్చేశాం. మచ్చు అలా కాదు. అప్పటికి మనం ఏమీ ఇవ్వలేదు, వాళ్ళు నమ్మి పెడుతున్నారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు పెద్దలు. గిన్నెడు తిని ఉడికిందని చెప్పేవాణ్ణి ఏమంటారో నేను చెప్పనక్కర్లేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు నాయిన వెంట పల్లికాయ బస్తాలతో మార్కెట్ యార్డుకు పోయాను. రాశి పోసి పక్కన కూర్చున్నాం. ఖరీదుదార్లు వచ్చి కాయ ఒలిచి, పైపొర నలిపి, గింజ కొరికి చూసి చిట్టీలో ధర రాసుకుపోయారు. అది న్యాయమే. గింజ నిండిందో, పచ్చిగా ఉందో కొరక్కుండా ఎలా తెలుస్తుంది? కానీ కొనేవాళ్ళు కానివాళ్ళు కూడా రాశి పక్కనుంచి పోతూ పిడికెడు తీసుకున్నారు. ఒకాయన నడుచుకుంటూ ఒలుచుకుంటూ పోయాడు. ఇంకొకాయన జేబులో పోసుకున్నాడు. ఎవరూ అడగలేదు. పిడికెడు నలభై గ్రాములు అనుకుని, ముప్పై మంది తీశారని లెక్క వేయండి, కిలోకు పైనే పోయింది. నాయిన మాత్రం ఒక్కమాట అనలేదు. ధర తగ్గిస్తారేమోనని భయం.

వారం తర్వాత ఉగాది వచ్చింది. అదే నాయిన, అవే పల్లికాయల పైసలు జేబులో ఉన్నాయి. ఒక దుకాణంలో బెల్లం కొనడానికి పోయాం. ఊరి పేరు, దుకాణం పేరు రాయను. నాయిన అలవాటుగా గంపలోంచి చిన్న పెల్ల తీసి నోట్లో వేసుకున్నాడు. గల్లా దగ్గరున్నాయన పదిమంది ముందు, "కొనెటందుకు వచ్చినవా, తినెటందుకు వచ్చినవా?" అన్నాడు. మా ముందే ఇంకొకాయనకు అదే గంపలోంచి తానే తీసి, కాగితంలో పెట్టి, "చూడండి పటేలా" అన్నవాడు ఆయనే. నాయిన రెండు కిలోలు కొన్నాడు. కొనకపోతే నిజంగానే తినడానికి వచ్చినట్టు అవుతుందని కావచ్చు.

ఆ రోజు నుంచి మచ్చు సంగతి నాకు తిండి సంగతిగా కనపడలేదు. ఎవరి రాశిమీద ఎవరు చెయ్యి వేయొచ్చు, ఎవరు వేయకూడదు అనే లెక్కగా కనపడింది.

అలాగని మనమందరం మంచివాళ్ళం, దుకాణాలవాళ్ళంతా చెడ్డవాళ్ళు అని రాయడానికి నేను కూర్చోలేదు. డిగ్రీలో ఉన్నప్పుడు నాంపల్లి నుమాయిష్‌కు దోస్తులం నలుగురం పోయాం. 1938లో మొదలైన ఎగ్జిబిషన్ అది, మామూలుగా జనవరి ఒకటిన మొదలవుతుంది. టికెట్ కొనగా మిగిలిన పైసలు తిరుగు బస్సుకు సరిపోతాయి. ఎండుపండ్లు, పచ్చళ్ళు, సోంపు అమ్మేవాళ్ళు పిలిచి చేతిలో పెడుతున్నారు. ఒకసారి తిరిగాం, బాగుంది. రెండోసారి చొక్కాపైన స్వెటర్ వేసుకుని తిరిగాం. మూడోసారి ఒక పచ్చళ్ళ దుకాణం పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టి, తిట్టకుండా, "బాబూ, అన్నం కూడా పెట్టనా?" అన్నాడు. నవ్వుకుంటూ వచ్చేశాం గానీ ఆయన రోజుకు ఎంతమందికి అలా పెట్టాలో అప్పుడు ఆలోచించలేదు. మా పల్లికాయ రాశిమీద పిడికిలి వేసినవాళ్ళకూ మాకూ పెద్ద తేడా లేదు.

తర్వాతి ఏడాది నేనే ట్రే పట్టుకున్నాను. శని, ఆదివారాలు పని. దుకాణం ఉద్యోగిని కాదు, ఆ బిస్కెట్ల కంపెనీ తరఫున ఒక ఏజెన్సీ పెట్టిన మనిషిని. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది వరకు నిలబడాలి, కూర్చోకూడదు. ఇంకొక నియమం ఉండేది. పంచేవాడు తినకూడదు. "రుచి ఎట్లుంది బాబూ?" అని ఎవరైనా అడిగితే, "చాలా బాగుంటుంది మేడమ్" అని చెప్పేవాణ్ణి. నేను దాని రుచి చూసింది పని మానేసిన తర్వాత, పది రూపాయలు పెట్టి కొనుక్కుని.

ట్రే పట్టుకున్నవాడికి జనం చేతులే కనపడతాయి, ముఖాలు ఇటు తిరగవు. ఫోన్లో మాట్లాడుతూ రెండు తీసుకుని పోతారు. పిల్లవాణ్ణి నాలుగుసార్లు పంపి దూరంనుంచి చూస్తుంటారు. ఒక ముక్క ముట్టి, వద్దనుకుని, ఇంకొకటి తీసుకుంటారు. ముట్టినదాన్ని మేం పారేయాలి, లెక్కలో అది మా ఖాతాలోనే పడుతుంది. తిన్నాక, "థూ, ఇదేం బిస్కెట్" అని నేనే కాల్చి తెచ్చినట్టు నన్ను చూసినవాళ్ళూ ఉన్నారు. వద్దనుకున్నవాళ్ళు "వద్దు తమ్మీ" అంటే చాలు, మాకు ఎంతో తృప్తి. వద్దన్నందుకు బాధ లేదు. అసలు మనిషే అక్కడ లేనట్టు పోతేనే బాధ.

ఇప్పుడు చెప్పడానికి కష్టమైన మాట. సూపర్‌వైజర్ మొదటిరోజే, "మనిషిని చూసి ఇయ్యి" అన్నాడు. అంటే ఏమిటో విడమరచి చెప్పలేదు, అవసరం పడలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం భార్యాభర్తలు లోపలికి వచ్చారు. కాళ్ళకు సిమెంటు. మాట వింటే మన పాలమూరు మాట. ఆమె నా ట్రే వైపు చూసి, "ఇది పైసలకా బిడ్డా, ఉత్తగనా?" అని అడిగింది. సూపర్‌వైజర్ నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. నేను "పైసలకే అమ్మా" అన్నాను. ఆమె సరేనని పోయింది. ఒక నూనె ప్యాకెట్ కొనుక్కుని, లైనులో నిలబడి, నా ముందునుంచే వెళ్ళారు. అప్పటికి నేను ఇంకెవరికో ఉత్తగనే ఇస్తున్నాను. ఆమె చూసింది. ఏమీ అనలేదు.

బెల్లం దుకాణం ఆయన్ను నేను ఎన్నో ఏళ్ళు తిట్టుకున్నాను. ఆయన కనీసం అబద్ధం చెప్పలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మచ్చు పెట్టాలా వద్దా అనేది దుకాణంవాడి ఇష్టం. ఎవరూ బలవంతం చేయలేరు. కానీ పెట్టడం మొదలుపెడితే గడప దాటి వచ్చిన అందరికీ పెట్టాలి. కొంటాడా కొనడా అని కాళ్ళను చూసి తేల్చే హక్కు ఎవరికీ లేదు. మన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణం అన్న మాట స్పష్టంగా ఉంది. మతం, కులం, లింగం, పుట్టిన చోటు వంటి కారణాలతో ఎవరినీ దుకాణాలకు, హోటళ్ళకు దూరం పెట్టకూడదని అందులో రాశారు. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో దానిమీద చర్చ జరిగినప్పుడు బాబాసాహెబ్ అంబేద్కర్ దుకాణం అన్న మాటకు అర్థం వివరించారు. లోపల అడుగు పెట్టనివ్వడం ఒక్కటే దాని అర్థం కాదనీ, అక్కడ దొరికే సేవ కూడా అందాలనీ ఆయన ఉద్దేశం. 1955లో వచ్చిన చట్టం, 1976 నుంచి మనం పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటున్నది, ఇంకొంచెం ముందుకు పోయింది. అంటరానితనం పేరుతో, మిగతావాళ్ళకు ఇచ్చే షరతులమీద వస్తువు అమ్మకపోయినా, సేవ చేయకపోయినా నేరమే. హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి మీద మనవాళ్ళు కొట్లాడింది ఇందుకే. పైనుంచి చేతిలో పడేసే మిఠాయి ముక్క కూడా ఆ రెండో గ్లాసు లాంటిదే. ఇక సిమెంటు కాళ్ళను చూసి ట్రే పక్కకు తిప్పితే ఏ చట్టం కిందికి వస్తుందో నాకు కనపడలేదు. అందుకే అది ట్రే పట్టుకున్నవాడి మీదే ఉంటుంది.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలను కాస్ట్‌కో అనే పెద్ద దుకాణానికి తీసుకుపోతుంటారు. అక్కడ తలకు జాలీ టోపీ, చేతులకు గ్లవ్స్ వేసుకున్న పెద్దవయసువాళ్ళు చిన్న కాగితపు కప్పుల్లో రుచికి పెడతారట. ఎవరు వచ్చినా అదే కప్పు. (లోపలికి పోవడానికే సభ్యత్వ కార్డు చూపించాలి, ఆ జల్లెడ గేటు దగ్గరే ఉంది, అది వేరే సంగతి.) కరోనా వచ్చినప్పుడు 2020 మార్చిలో ఆపేసి, 2021 జూన్ నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. నాకు ఆ కప్పు పద్ధతి నచ్చింది. కప్పులో పెడితే పైనుంచి వేసే పని లేదు, ముట్టి వదిలేసే పని లేదు. కాగితపు కప్పుకు కులం తెలియదు. మన మిఠాయి దుకాణాల్లో చెంచాతో, చిన్న కాగితంలో ఇవ్వడానికి ఖర్చు ఎంత?

ఈ హాస్టల్ నుంచి బయటికి పోయే తమ్ముళ్ళలో కొందరు నాలాగే సెలవుల్లో దుకాణాల్లో పని చేస్తారు. వాళ్ళకు ఒక మాట. సూపర్‌వైజర్ చూస్తున్నప్పుడు ఎదురు తిరగమని చెప్పను, పని పోతే ఫీజు కట్టేది ఎవరు? కానీ ట్రేని తిప్పకుండా నిలబడటానికి ఎదురు తిరగనక్కర్లేదు. "తీసుకోండి" అన్న మాట అందరికీ ఒకేలా అనేస్తే చాలు, ఆ తర్వాత ఆపడం వాళ్ళ పని అవుతుంది. ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. కొనడానికి పోయినప్పుడు అడిగి తీసుకోండి, ఒక్కటే తీసుకోండి. ముట్టినదాన్నే తినండి. కొనాలనిపించకపోతే మొహమాటంతో కొనకండి, "ఇప్పుడు వద్దన్నా" అని చెప్పి రండి. రుచి చూసినంత మాత్రాన మనం అప్పుపడలేదు. ద్రాక్ష బండి దగ్గర మాత్రం నాలుగు పండ్లే కదా అనుకోకండి. మా పల్లికాయ రాశి లెక్క అక్కడ కూడా వేయండి. ఆ బండి ఆమెకు ఏ కంపెనీ ట్రే నింపి పంపదు.

పోయిన ఎండాకాలం నాయినను బండిమీద కొల్లాపూరు తీసుకుపోయాను. రోడ్డు పక్కన మామిడికాయలు పెట్టుకున్న అవ్వ కాయ కోసి ఆయనకే ముందు చీలిక చాపింది. "తిని చూడు పెద్దాయనా, తీపి లేకుంటే పైసలు వద్దు" అంది. ఆయన చెయ్యి చాపలేదు. "కొనేది పిలగాడు, వానికియ్యి" అని, ఒక కాయ తీసి తొడిమె దగ్గర వాసన చూసి పక్కన పెట్టాడు. ఇంకొకటి చూశాడు. అలా వాసనతోనే ఏరి నాలుగు కిలోలు తూపించాడు. ఇంటికొచ్చి కోస్తే ఒక్క కాయ కూడా పులుపు లేదు.