తెర మీద చూస్తే చూసినట్టేనా?

బళ్లలోకి కంప్యూటర్లు, పెద్ద తెరలు వస్తే మూఢనమ్మకాలు వాటంతట అవే పారిపోతాయని మన హేతువాద మిత్రుల్లో కొందరి నమ్మకం. నేను ఒప్పుకోను. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. యాభై ఏళ్లు గడిచాయి. పొద్దున్నే టీవీ పెట్టి చూడండి, రాశిఫలాలు వస్తుంటాయి. జాతకం చెప్పే యాప్ కూడా టెక్నాలజీయే కదా!

ఈ సంగతి మళ్లీ గుర్తుచేసింది నా మిత్రుడి కూతురు. 2025 మెగా డీఎస్సీలో ఎంపికై, ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతోంది. ఆమె తరగతిలో ఇంటరాక్టివ్ ప్యానెల్ ఉంది. అంటే గోడకు బిగించిన పెద్ద టచ్ స్క్రీన్. దాని మీద ఆమెకు ద్వేషమేమీ లేదు. "గుండె కవాటాలు ఎలా తెరుచుకుంటాయో బల్ల మీద సుద్దముక్కతో గీసి చెప్పలేను బాబాయ్, చంద్రకళలూ అంతే" అంది. నిజమే. కంటికి అందని వాటికి తెర మంచి సాధనం.

చిక్కు వచ్చింది పదో తరగతి ఆమ్లాలు, క్షారాల పాఠంలో. ప్యానెల్ మీద బొమ్మ చూపించింది. ఎర్ర లిట్మస్ నీలమైంది, నీలం ఎర్రనైంది. నమ్మారా అని అడిగితే అందరూ చేతులెత్తారు. ఎందుకు నమ్మారంటే, "తెర మీద చూశాం కదా టీచర్" అన్నారు. ఆమెకు తృప్తి కలగలేదు. మర్నాడు పసుపు, సున్నం, నిమ్మకాయలు పట్టుకెళ్లింది. కాగితానికి పసుపు రాసి, సున్నపు తేటలో ముంచమంది. నాలుగు గుంపుల కాగితాలు ఎర్రబడ్డాయి. రెండు గుంపులవి సరిగా మారలేదు. గొడవ మొదలైంది. ఆ రెండు గుంపులూ తెచ్చుకున్న సున్నం, మూత లేకుండా ఇంట్లో చాలాకాలం పడి ఉన్నదని తేలింది. గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి సున్నం సుద్దగా మారుతుంది, దాని ఘాటు పోతుంది. తెర మీది సున్నం ఎప్పుడూ పాతబడదు, అందుకని ఈ ప్రశ్న అక్కడ పుట్టనే పుట్టదు.

ఇంతలో ఒక పిల్ల, "ఇవి దిష్టి తీసే ఎర్రనీళ్లే కదా టీచర్!" అంది. అవును, అవే. అందులో నిమ్మరసం పిండమంది ఆమె. ఎరుపు పోయి మళ్లీ పసుపు వచ్చింది. దిష్టి గురించి ఆమె ఒక్క మాట కూడా అనలేదట. అనకపోవడమే మంచిదయింది. ఇంటికి వెళ్లి పదిమంది అమ్మమ్మలకి అది చేసి చూపించారు. జన విజ్ఞాన వేదిక వారు ఊళ్లలో చేసే ప్రదర్శనల పద్ధతి కూడా ఇదే కదా.

మన ప్రాచీన తార్కికులు ప్రత్యక్షం, అనుమానం, శబ్దం అని ప్రమాణాలను వేరుచేశారు. చార్వాకులు ప్రత్యక్షాన్నే ఒప్పుకున్నారంటారు. తెర మీది బొమ్మ కంటికి కనబడుతుంది కాబట్టి ప్రత్యక్షమని భ్రమ కలుగుతుంది. కానీ అది ఎవరో తయారుచేసి, ఎవరో చెప్పిన మాట. అంటే శబ్దమే. వెనక గురువుగారు చెప్పాడని నమ్మేవాళ్లం, ఇప్పుడు ప్యానెల్ చెప్పిందని నమ్ముతున్నాం. నేను ముప్పై ఏళ్లకు పైగా రక్షణ శాఖ లెక్కల్లో పనిచేశాను. స్టోరు లెడ్జరులో వంద దుప్పట్లని రాసి ఉంటే వంద దుప్పట్లు ఉన్నట్టు కాదు. గోడౌనుకి వెళ్లి లెక్కపెట్టాలి.

దీపావళి రాత్రి భారతదేశం అంటూ వాట్సాప్‌లో తిరిగే రంగురంగుల ఫొటో మీరూ చూసే ఉంటారు. అమెరికా వాతావరణ ఉపగ్రహాలు వేర్వేరు సంవత్సరాల్లో తీసిన చిత్రాలకు ఒక్కో రంగు ఇచ్చి, జనాభా పెరుగుదల చూపడానికి 2003లో కలిపిన బొమ్మ అది. 2012లో నాసా ఈ సంగతి చెప్పి, అసలు దీపావళి రాత్రి తీసిన ఫొటోను విడుదల చేసింది. ఆకాశం నుంచి చూస్తే ఆ రాత్రికీ మామూలు రాత్రికీ తేడా దాదాపు తెలియదు. ఆ రెండు ఫొటోలనూ ప్యానెల్ మీద పక్కపక్కన పెట్టి, ఏది నిజమో ఎలా తేలుస్తారని పిల్లల్ని అడగమని ఆ అమ్మాయికి చెప్పాను. ఇలా వాడితే ప్యానెల్ ఖర్చు దండగని నేనే అనను.

యంత్రాలతో చదువు రాదని కూడా అనకూడదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ని బడి అయ్యాక పిల్లలకి ఇచ్చి, నాలుగున్నర నెలల తర్వాత పరీక్ష పెట్టారు. లాటరీలో ఆ అవకాశం రాని పిల్లలతో పోల్చి చూశారు. గణితంలో లాభం స్పష్టంగా కనబడింది. 2019లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని కాకుండా, నిజంగా ఏ స్థాయిలో ఉన్నాడో కనిపెట్టి అక్కణ్ణుంచి ప్రశ్నలు ఇస్తుందది. అందరికీ ఒకే వీడియో వేయడం వేరు, ఇది వేరు. కొనేవాళ్లు ఈ తేడా అడుగుతున్నారా? 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకీ, టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. కొన్ని బళ్లకి ముందు, కొన్నింటికి ఏడాది తర్వాత ఇచ్చి తేడా కొలిచి ఉంటే, ఈపాటికి దేశానికే పనికొచ్చే లెక్క చేతిలో ఉండేది. ఎన్ని పంచామన్నది ప్రభుత్వాలకి తేలికగా దొరికే అంకె. ఏం నేర్చుకున్నారన్నది కష్టపడి కొలవాల్సిన అంకె.

ఆ అమ్మాయి వచ్చే నెల కాంతి పాఠం మొదలుపెడుతోంది. ఇంట్లో పాత కళ్లద్దాలు, భూతద్దాలు, పగిలిన అద్దం ముక్కలు (అంచులు అరగదీసి) ఉన్న మిత్రులు నాకు చెప్పండి, వచ్చి తీసుకెళతాను.