క్లాసు జాతి కాదు

"ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ సర్వం మన తర్కశాస్త్రంలో పూర్వమే ఉన్నది, క్లాసు అంటే జాతి, ఆబ్జెక్టు అంటే వ్యక్తి" అనే సందేశాన్ని మా మేనల్లుడు సగర్వంగా చూపించాడు. వాడు ఇంజనీరింగు విద్యార్థి. నాకు మాత్రం సంతోషం కలుగలేదు.

ముందు వాడిచేతనే పాఠం చెప్పించుకొన్నాను. 'గోవు' అనే క్లాసు వ్రాసి, అందులో వర్ణం, క్షీరప్రదానక్రియ మొదలైనవి నిర్దేశిస్తారు. దాని నుండి గౌరి, కపిల అనే ఆబ్జెక్టులు ఉత్పన్నమవుతాయి. గౌరిలోని విషయాలను బయటివారు నేరుగా స్పృశించక, దాని క్రియల ద్వారానే వ్యవహరించడం ఎన్‌క్యాప్సులేషన్. 'పశువు' క్లాసులోని ధర్మాలు గోవుకు సంక్రమించడం ఇన్‌హెరిటెన్స్. 'అరువు' అనే ఒకే ఆజ్ఞకు గోవు, మేక తమ తమ రీతుల అరవడం పాలిమార్ఫిజం.

సాదృశ్యం ఉన్నది, కాదనను. కాని న్యాయవైశేషికులకు జాతి నిత్యం, ఏకం, అనేక వ్యక్తులలో సమవేతం. గోత్వాన్ని ఎవరూ వ్రాయలేదు. గోవులన్నీ నశించినా అది నశించదు. క్లాసును మానవుడు నేడు వ్రాస్తాడు, రేపు చెరిపివేస్తాడు. అది కుండ చేయబోయే కుమ్మరి మనస్సులోని సంకల్పానికి సన్నిహితం.

ఉదయనాచార్యులు చెప్పిన జాతిబాధకాలను చూస్తే భేదం మరింత స్పష్టమవుతుంది. ఆకాశం ఒక్కటే కనుక ఆకాశత్వం జాతి కాదు. ప్రోగ్రామర్లకు ఏకవ్యక్తి గల క్లాసు నిరభ్యంతరం. దానికి సింగిల్టన్ అని పేరు కూడా పెట్టుకొన్నారు! ఇక సాంకర్యం. ఆకాశంలో భూతత్వం ఉన్నది, మూర్తత్వం లేదు. మనస్సులో మూర్తత్వం ఉన్నది, భూతత్వం లేదు. పృథివి, జలం, తేజస్సు, వాయువులలో రెండూ ఉన్నాయి. ఇట్లు పరస్పరం అతిక్రమించే ధర్మాలు జాతులు కాజాలవన్నారు. నవ్యులలో కొందరు ఇది దోషమే కాదన్నారు. ఆశ్చర్యమేమంటే, అటువంటి వివాదమే వాడి పాఠంలోనూ ఉన్నది: సి ప్లస్ ప్లస్‌లో క్లాసుకు ఇద్దరు జనకులు ఉండవచ్చు, జావాలో ఒక్కరే.

క్లాసు, ఆబ్జెక్టు అనే భావనలను సిములా 67 అనే భాషలో ప్రవేశపెట్టినవారు నార్వే దేశీయులు ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్. ఆ కీర్తి వారిది. దానిని మనకు ఆపాదించుకొంటే ఉదయనుని గౌరవం పెరగదు. పైగా 'అంతా తెలిసినదే' అనుకొని పిల్లలు తర్కసంగ్రహం తెరవడమే మానుకొంటారు.

ఆ గ్రంథాన్ని వాడి చేతికిచ్చాను. బంగారం పృథివి కాదు, తేజస్సు అని చదివి, "అయితే మామయ్యా, మట్టి కుండ, బంగారు కుండ రెండింటిలో ఉన్న ఘటత్వం జాతి ఎట్లా అవుతుంది? సాంకర్యం రాదా?" అని అడిగాడు. ఆ రాత్రి కవాటబంధనం కొంత ఆలస్యమైంది.