ప్రాణరక్షణతో ముగియని బాధ్యత

పక్షవాత పీడితుడు ఆసుపత్రి నుండి ప్రాణములతో ఇల్లు చేరిననాడే చికిత్స ముగిసినదని తలచుట మన సమాజమున పాతుకొనిపోయిన భ్రమ. చేయి స్వాధీనము తప్పి, మాట తడబడి, అన్నము కలుపుకొనుటకును స్నానమునకును పరుల సాయము కోరవలసివచ్చిన మనుష్యునకు దేహబాధకంటె పరాధీనతయే దుస్సహమగును. ఇట్టివారిలో దాదాపు మూడవవంతు మంది మనోవ్యాకులతకు లోనగుదురని వైద్యులు చెప్పుచున్నను, ఆ దిగులును స్వభావదోషముగా నెంచి ఉపేక్షించువారే యెక్కువ.

సేవాభారమంతయు భార్యపైనో కోడలిపైనో మోపి సరిపెట్టుకొనుటయు న్యాయము కాదు. మన దేశమున 14 ఆసుపత్రులలో జరిగి 2017లో ప్రకటితమైన ‘అటెండ్’ పరిశోధన, కుటుంబసభ్యులకు శిక్షణ నొసగి వారిచేత ఇంటనే వ్యాయామాదులు చేయించినంత మాత్రమున ఆరునెలలకు రోగుల పరాధీనత తగ్గలేదని తేల్చినది. ఆత్మీయుల ప్రేమ ఎంత అమూల్యమైనను, శిక్షితులైన ఫిజియోథెరపిస్టుల, వాక్చికిత్సకుల స్థానమును అది పూరింపజాలదని మా నిశ్చితాభిప్రాయము.

కావున ప్రభుత్వములు ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల ద్వారా ఇట్టి నిపుణులను నియతకాలమున రోగుల యిండ్లకు పంపవలయును; రక్తపోటు మందులు ఎడతెగక అందునట్లును, మనోవ్యాకులతకు సకాలమున చికిత్స జరుగునట్లును చూడవలయును. వ్యాధిని గెలిచినవారు మరల వీధిలోనికి, పనిలోనికి, నలుగురి సంభాషణలోనికి రాగలిగిననాడే వైద్యము సార్థకమగును.