లంఖణం ఎవరికి పరమౌషధం?



"లంఖణం పరమౌషధం" అన్న మాట ఎరుగని తెలుగు ఇల్లు ఉండదు. జ్వరం తగిలిన పెద్దవాడు ఒక పూట పస్తుంటే పోయేదేమీ లేదు. కానీ మా దామరచర్ల ప్రాంతంలో ఏడాదిన్నర బిడ్డకు నీళ్ళ విరేచనాలు పట్టుకొన్నా ఇదే సామెతను ప్రయోగిస్తారు. "నీళ్ళు తాగితే ఇంకా పోతాయమ్మా, ఆపెయ్యి" అని పెద్దవాళ్ళు అంటారు, తల్లి ఆపేస్తుంది. నా అభిప్రాయంలో పసిబిడ్డ విషయంలో ఈ సామెత ఔషధం కాదు, అపాయం.

తెలుగు పండితుణ్ణి కనుక మాట దగ్గరే మొదలుపెడతాను. లంఘనమే మన నోట లంఖణమైంది. ఆయుర్వేదంలో లంఘనమంటే శరీరానికి లాఘవం కలిగించేది అని అర్థం. కడుపు మాడ్చడం అందులో ఒక భాగం మాత్రమే. ఇక అతిసారం అంటే అతిగా ప్రవహించడం. వ్యాధి పేరులోనే దాని స్వరూపం ఉంది. బిడ్డ ఒంట్లోంచి ప్రవహించిపోతున్నది నీరూ, లవణాలూ. పోయినదాన్ని తిరిగి పోయడమే చికిత్స. ప్రాణం తీసేది చాలాసార్లు విరేచనం కాదు, ఎండిపోవడం.

దీనికి చరిత్రలో గొప్ప నిదర్శనముంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల మధ్య కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైను చాలలేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని నోటి ద్వారా తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. కిటుకు ఇది: పేగులో గ్లూకోజు తనతోపాటు సోడియాన్ని లోపలికి తీసుకొనిపోతుంది, ఆ వెంట నీరు పోతుంది. విరేచనాలవుతున్నా ఈ దారి మూసుకుపోదు. అయితే పాళ్ళు కుదరాలి. చక్కెర మితిమీరితే పేగే ఒంటిలోని నీటిని తనలోకి లాక్కొంటుంది, విరేచనాలు ఎక్కువవుతాయి.

అందుకే మందుల దుకాణంలో అట్టపెట్టెల తియ్యని పానీయాలు "ఓఆర్ఎస్" పేరుతో అమ్ముడుపోవడం నాకు అక్షరద్రోహంగా తోచింది. అదే పేరు పెట్టి, "ఇది ఆ ద్రావణం కాదు" అని చీమతలంత అక్షరాలలో అచ్చువేస్తే చదివేదెవరు? తండాలోని తల్లి చదవగలదా? హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ళ తరబడి పోరాడారు, న్యాయస్థానానికి వెళ్ళారు. చివరకు 2025 అక్టోబరు 14న కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆహారపానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని ఆదేశించింది. ఒక పేరుకు దాని అర్థాన్ని తిరిగి ఇప్పించిన పోరాటమది. భాషాభిమానులమైన మనం దీన్ని మన విజయంగా కూడా భావించాలి.

ఇక చేయవలసినది. రోజుకు మూడు, అంతకు మించి నీళ్ళలా అయితే విరేచనాలనుకోవాలి. అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్త వద్ద దొరికే పొట్లాన్ని దానిపై రాసిన కొలత ప్రకారం, సాధారణంగా లీటరు నీటిలో, పూర్తిగా కలపాలి. సగం పొడి, సగం గ్లాసు అని ఊహించరాదు. రెండేళ్ళలోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. చెంచాతో కొద్దికొద్దిగా తాగించాలి. వాంతి చేసుకొంటే పది నిమిషాలాగి మళ్ళీ మొదలుపెట్టాలి. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. ఆరు నెలలు దాటిన బిడ్డకు వైద్యులు పద్నాలుగు రోజులు రోజుకు 20 మి.గ్రా. జింకు ఇప్పిస్తారు, విరేచనాలు కట్టినా మానరాదు. తల్లిపాలు ఆపరాదు. మెత్తని పప్పన్నం, పెరుగన్నం, అరటిపండు పెట్టవచ్చు.

కళ్ళు లోతుకు పోయినా, ఏడిస్తే కన్నీరు రాకున్నా, మూత్రం తగ్గినా, పొట్టమీది చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా సర్దుకొన్నా, మలంలో రక్తం కనిపించినా, బిడ్డ తాగలేక మగతగా పడి ఉన్నా ఇంటివైద్యం చాలించి ఆసుపత్రికి పరుగెత్తాలి. "పళ్ళొస్తున్నాయిలే" అని సరిపెట్టుకోరాదు. పళ్ళు రావడం విరేచనాలకు కారణం కాదు. ఆ వయసులో నేలమీదిదంతా నోట పెట్టుకోవడం కారణం.

మా వాడపల్లి వద్ద మూసీ కృష్ణలో కలుస్తుంది. హైదరాబాదు మురుగును మోసుకొని వచ్చే నది పుణ్యసంగమంలో చేరడం చూస్తే, నీరు పవిత్రమైనంత మాత్రాన పరిశుభ్రమైనది కాదని తెలుస్తుంది. కాచిన నీరు, సబ్బుతో కడిగిన చేతులు, రోటా వైరస్ టీకా బిడ్డకు రక్షలు. ఆ టీకాల్లో రోటావాక్ మన హైదరాబాదులో తయారైనదే; 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వం రోటా టీకాను పిల్లలకివ్వడం మొదలుపెట్టింది.

సామెతలు మన ఆస్తి. కాదనను. కానీ ఎక్కడ వాడాలో తెలియని సామెత పసివాడి చేతిలో కత్తివంటిది. లంఖణాన్ని పెద్దలకు వదిలేద్దాం. పసిబిడ్డకు మాత్రం నీరే పరమౌషధమని కొత్త సామెత కట్టుకొందాం. మీ ఊళ్ళలో ఈ విషయంలో ఏ మాటలు వాడుకలో ఉన్నాయో రాయండి. మంచివైతే నిలుపుకొందాం, చెడ్డవైతే మాన్పిద్దాం.