మడతకత్తియా, పిడికత్తియా?

తాళము పడు బలమైన మడతకత్తులు అంగళ్లలో దొరకుచున్నవి గనుక, మురమళ్ళ తోటలకును అవియే చాలునని కొందఱు తలంచవచ్చును. మా యభిప్రాయము వేఱు.

మడతకత్తి బలమంతయు దాని కీలులోనే యున్నది. కొబ్బరిమట్టను నఱకునపుడు ప్రతి దెబ్బయు ఆ కీలునకే తగులును. మట్టియు పసరును అందు చేరును. ఉప్పుగాలికి త్రుప్పు పట్టును. చెట్టుమీఁది దింపుకార్మికుఁడు ఒంటిచేత మ్రానును పట్టుకొని, రెండవ చేత కత్తి విప్పుట కష్టము. తాళము జాఱినచో అలుగు వ్రేళ్లమీఁదికే ముడుచుకొనును.

పిడికత్తికి కీలు లేదు. అలుగు కాడ పిడి చివరవఱకు చొచ్చి గట్టిగా బిగిసినదానినే కొనవలయును. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో కోనసీమ కొబ్బరిచెట్లు విస్తారముగా కూలినవి. అట్టి దినములలో దారికడ్డమైన మట్టలను నఱకుటకు పనికివచ్చునది పిడికత్తియే. అయితే ఒర లేనిదే దానిని మొలలో దోపుకొనరాదు.

త్రాడు కోయుటకు, చిన్న కొమ్మలు కత్తిరించుటకు జేబులో మడతకత్తి యుండుట మంచిదే. అది రెండవ కత్తి, మొదటిది కాదు.

కత్తి తెచ్చుకొనుట దింపువాని పని యని మనము ఊరకుండరాదు. ఒరతోఁ గూడిన మంచి కత్తి వెలను తోట ఖర్చులలో చేర్చుట రైతునకు ధర్మము. చెట్టెక్కువాని వ్రేళ్లు కత్తి వెలకంటె విలువైనవి గదా!